ముప్పై ఆరో ఆదివారం

లూదియా సంచిని రాజరత్నమ్మే సర్దింది. నంద్యాలలో వాళ్ల నడిమింట్లో చాప పరిచి, నీలం రంగు జిప్పు సంచిని ముందు పెట్టుకుని, ఒక్కో బట్ట మడత సరిచేసి లోపల పెడుతోంది. నాలుగు నైటీలు, రెండు లంగాలు, బిడ్డకు పొత్తిగుడ్డలకని రెండు పాత నూలు చీరలు. వాటిని ఇంకా చింపలేదు. బిడ్డ భూమ్మీద పడకముందే చింపకూడదట. కొబ్బరినూనె సీసా, చిన్న బైబిలు, ఆసుపత్రి ఫైలు.

రెండు వేల ఇరవై నాలుగు, మార్చి నాలుగో తారీఖు, సోమవారం. లూదియా నా కొడుకు సామ్యేలు కూతురు. ఎనిమిదో నెలలో గడప దాటించరు కాబట్టి, తొమ్మిదో నెల పడిందాకా ఆగి, తొలి కాన్పుకు పుట్టింటికి పిలుచుకుపోదామని నేనూ, నా కోడలు ప్రమీలా పొద్దున బస్సుకే ఆళ్లగడ్డ నుంచి వచ్చాం.

"ఏంది పెద్దమ్మా, సంచి కల్లే చూస్తాండావు? మీ పాప బట్టలు నేనేమన్నా దాచుకుంటానా?" అంది రాజరత్నమ్మ. లూదియా అత్త ఆమె. మనిషి భారీగా ఉంటుంది, మాట అంతకంటే భారీ.

"కాదులేమ్మా. ఫైలు అడుగున పడిపోతాదేమోనని."

"పైనే పెడ్తా సామీ! మీ అవ్వకు చీమ తుమ్మినా భయమే కదమే?" అని కోడలి వైపు తిరిగి నవ్వింది. లూదియా కడుపు పట్టుకుని నవ్వింది.

"మా అత్తకు ఆరు కాన్పులు. నాకు మూడు. ఈ ఇంట్లో ఒక్క ఆడదానికీ కత్తి పడింది ల్యా. పాపం, ఈ పిల్లకే ఆ అపెండిక్స్ ఒకటి వచ్చి కడుపు మీద గీత పడింది. స్త్రీల సమాజంలో ప్రతి శుక్రారం ఈ పిల్ల పేరు పెట్టి ప్రార్థన చేపిస్తాండా. పువ్వు మాదిరి కంటాది చూడు వదినా" అంది రాజరత్నమ్మ ప్రమీలతో.

ప్రమీల వంగి సంచి జిప్పు లాగింది. నేను గోడకున్న చర్చి క్యాలెండరు చదవడం మొదలుపెట్టాను. బడి మొహం చూడకుండా, అంగడి పొట్లాల కాగితాల మీద కూడబలుక్కుని నేర్చుకున్న చదువు నాది. భయం వేస్తే కంటికి కనబడిన అక్షరాన్నల్లా చదువుతాను.

లూదియాకు అపెండిక్స్ ఆపరేషన్ కాలేదు.

పెళ్లికి ముందు, దానికి ఇరవై రెండేళ్లప్పుడు, గర్భసంచికి గడ్డ వచ్చింది. కర్నూలులో కడుపు కోసి తీశారు. పిల్ల ఇంకా మత్తులో ఉండగానే డాక్టరమ్మ నన్నూ ప్రమీలనూ బయటికి పిలిచి చెప్పింది. "గడ్డ లోపలి పొర దాకా పోయింది. సంచిని బాగా కోసి కుట్టాల్సి వచ్చింది. రేపు పెళ్లై కడుపుతో ఉంటే నొప్పుల దాకా ఆగకూడదు. నొప్పులకు ఆ కుట్టు విచ్చుకుంటే తల్లీ బిడ్డా ఇద్దరికీ ప్రమాదం. ముప్పై ఆరు వారాలు నిండగానే ఆపరేషన్ చేసి తీయించుకోండి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఈ కాగితం ముందు చూపించండి."

ఆ కాగితం ప్రమీల పెట్టె అడుగున ఉంది. మొదట వచ్చిన ఉయ్యాలవాడ సంబంధం వాళ్లకు నిజమే చెప్పాం. మాటాముచ్చటా అయ్యాక, సంచి కోసిన పిల్ల మాకొద్దని మనిషి చేత చెప్పి పంపారు. నంద్యాల సంబంధం వచ్చేసరికి గడ్డ అపెండిక్స్ అయింది. లూదియాకు కూడా గడ్డ సంగతి తెలుసు గాని, డాక్టరమ్మ చెప్పిన ఆ మాటలు తెలియవు. పిల్ల బెదిరిపోతుందని, బెదిరితే మొగుడి దగ్గర నోరు జారుతుందని ప్రమీల చెప్పనివ్వలేదు.

నా మనవరాలి మొగుడు ప్రదీపు విత్తనాల కంపెనీలో పని చేస్తాడు. బస్టాండు దాకా సంచిని బండి మీద తెచ్చి, మా సీటు కింద పెట్టి, కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, ఆమెకు నొప్పులు మొదలైతే ముందు నాకు ఫోన్ చెయ్యల్ల. ఎంతసేపు, గంటలో వచ్చి వాలతా."

"చేస్తా నాయనా."

"మర్చిపోతావేమో. నీ చేతికి రాసి పోనా?" అని పెన్ను తీశాడు. లూదియా ఆ చేతిని తట్టేసి, "పోప్పా నువ్వు, అందరూ చూస్తాండారు" అంది.

బస్సు కదిలాక కూడా అతను అక్కడే ఉన్నాడు. మనుషులను అలా వెనక వదిలిపోవడం నాకు ఎప్పుడూ పడదు. సిరివెళ్ల దాటేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను. లూదియా నా చెయ్యి తీసుకుని కడుపు మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. ఆ దెబ్బ నా వేళ్లకు తగిలినప్పుడు సంతోషం రావాలి. ఆ చర్మానికీ ఆ కాలికీ మధ్య కుట్టు ఎంత మందం ఉంటుందో అన్న ఆలోచన వచ్చింది నాకు.

*

ఆళ్లగడ్డలో కాన్పు ఆసుపత్రిని కూడా రాజరత్నమ్మే చెప్పింది. ఆమె చెల్లెలి కూతురు ఎస్తేరు అక్కడ నర్సు. మనవాళ్లు ఉంటే బాగా చూస్తారని ఆమె ఉద్దేశం. అదే మా మెడకు చుట్టుకుంది. ఆ ఆసుపత్రిలో తుమ్మితే నంద్యాలలో వినబడుతుంది.

వచ్చిన మూడోరోజు చూపించడానికి పోయాం. ఎస్తేరు లూదియాను బల్ల మీద పడుకోబెట్టి, కడుపు మీద చీర పక్కకు తీసి ఆగింది.

"అత్తా, ఈ కుట్లేంది నడిమిట్ల ఉండాయి? అపెండిక్స్ అంటే కుడి పక్క గదా కోసేది?"

"లోపలే పగిలిపోయిందమ్మా" అంది ప్రమీల, ఎప్పుడో సిద్ధం చేసుకున్న మాట. "చీము పట్టిందని నడిమిట్ల కోసి కడిగినారు."

"ఓహో. మా పెద్దమ్మ కూడా అదే చెప్పింది."

గోడకు ఒక బొమ్మల కాగితం అంటించి ఉంది. నేను దాన్ని పైకే చదవసాగాను. "గర్భిణులు గమనించవలసినవి. కాళ్ల వాపు. చూపు మసకబారడం. రక్తస్రావం. గతంలో గర్భసంచికి ఏదైనా..." నా నోరు అక్కడ ఆగిపోయింది.

"చదువవ్వా, బాగా చదువుతాండావే" అంది ఎస్తేరు నవ్వుతూ.

"కండ్లు సరిగ్గా కనపడల్యా తల్లీ" అన్నాను.

ప్రమీల నా కళ్లలోకి చూసింది. డాక్టరమ్మ లోపలికి వచ్చి, కడుపు నొక్కి చూసి, బిడ్డ గుండె మాకు వినిపించింది. గుర్రం పరిగెత్తినట్టు ఉంది. "తల కిందికే ఉంది. అంతా బాగుంది. నొప్పులొస్తే తీసుకురండి" అని రాసిచ్చింది.

నొప్పులొస్తే తీసుకురండి. ఆ కాగితం మీద అదే రాసి ఉంది. దారి పొడుగునా దాన్ని చదువుకుంటూ వచ్చాను.

*

మా చర్చి క్యాలెండరులో ఆదివారాలు ఎర్రగా ఉంటాయి. లూదియా ఫైలు మొదటి పేజీలో చివరిసారి బయట చేరిన తారీఖు రాసి ఉంది, జూలై రెండు. పోయినేటి క్యాలెండరు తీసి చూస్తే అది ఆదివారమే. అక్కడినుంచి వారానికొక చింతగింజ చొప్పున చాటలో పెడుతూ వచ్చాను. మార్చి పదో తారీఖు ఆదివారానికి ముప్పై ఆరు గింజలయ్యాయి. తప్పేమోనని మళ్లీ మొదటినుంచి పెట్టాను. అంతే వచ్చాయి.

ఆ పొద్దు గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి ప్రమీల వంటింట్లో రొట్టెలు తడుతోంది. నేను చాట పట్టుకుని పోయాను.

"ప్రమీలా, ఈ పొద్దుటికి ముప్పై ఆరు. ఆ డాక్టరమ్మ చెప్పింది ఈ పొద్దే."

"ఏం లెక్కత్తా నీది?" పెనం మీద రొట్టె తిప్పుతూ అంది. "నెలకు నాలుగు వారాలు. తొమ్మిది నాలుగులు ముప్పై ఆరు. తొమ్మిది నెలలు నిండేది ఏప్రిల్ రెండుకి. ఇంకా ఇరవై రోజుల పైన ఉండాది."

"నెలకు నాలుగు వారాలే ఉంటాయా? ఈ నెలలో ఐదు ఆదివారాలు ఉండాయి చూడు. ఎర్రగా రాసినారు."

"పదో క్లాసు పాసైన దాన్ని. చింతగింజలు పెట్టి నాకు లెక్క చెప్తాండావా?"

"నాకు భయంగా ఉందమ్మా. రేపే పోయి ఆ కాగితం చూపిద్దాం."

ఆమె పెనం దించి, గొంతు తగ్గించింది. "నాకు భయం లేదా? నా కడుపున పుట్టింది. నొప్పులు వచ్చేదాకా ఆగుతానా నేను? ఈస్టరుకు ఎస్తేరు నంద్యాల పోతాది. శనివారం పోయి మంగళారం గాని రాదు. పండగైన సోమవారం పొద్దున్నే నేనే డాక్టరమ్మతో తలుపేసి మాట్లాడతా, కాగితం చూపిస్తా. ఆ పొద్దే కోయిస్తా. ఉమ్మనీరు తక్కువైందని వదినకు చెప్తే సరిపాయె. బిడ్డకు బిడ్డ, సంసారానికి సంసారం. నువ్వొక్కదానివి నోరు మూసుకుంటే చాలు."

తెలివిగల మనిషి ప్రమీల. అంతా ఆలోచించి పెట్టుకుంది. ఆ వారాల లెక్క ఒక్కటే ఆమె ఆలోచనలో తప్పు. పదో క్లాసు చదివిన మనిషి ముందు నా చింతగింజలు నాకే చిన్నవిగా కనబడ్డాయి.

సాయంత్రం సామ్యేలు గోడ పని చూసుకుని వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే దగ్గరికి పోయాను. నా కొడుకు మేస్త్రీ. కట్టే గోడలో ఇటుక కూడా వంకర పోనివ్వడు. ఇంటి విషయాలు మాత్రం పట్టించుకోడు.

"ఒరే నాయనా, పాప సంగతి..."

"ప్రమీల చూసుకుంటాదిలేమ్మా. ఆడోళ్ల సంగతులు నాకెందుకు?" అని తువ్వాలు తీసుకుని లోపలికి పోయాడు.

గింజలను పారెయ్యలేదు. మార్చి పదిహేడుకు ఇంకొకటి వేశాను.

*

మట్టల ఆదివారం వచ్చింది. పిల్లలు ఈతమట్టలు ఊపుతూ పాడుకుంటూ మా ఇంటి ముందునుంచి పోయారు. లూదియా అరుగు మీద కూర్చుంది. నేను వెనక కూర్చుని దాని తలకు నూనె పెడుతున్నాను. ఎండ అప్పుడే చురచురమంటోంది. నంద్యాల రోడ్డు వైపు నుంచి రాయి చెక్కేవాళ్ల ఉలి చప్పుడు వస్తోంది.

అంతకుముందే రాజరత్నమ్మ వీడియో కాలు చేసి కోడలి మొహం అటూ ఇటూ తిప్పించి చూసింది. "ముక్కు లావైంది, మగపిల్లోడే" అని తీర్మానించింది. "నీ ముక్కు ఎప్పుడూ లావే గదత్తా, ముగ్గురూ మగపిల్లోళ్లేనా నీకు?" అని లూదియా అంటే, అవతల ప్రదీపు పడిపడి నవ్వడం ఇక్కడికి వినబడింది. ఫోను పెట్టేశాక కూడా పిల్ల ముఖంలో ఆ నవ్వు కాసేపు ఉంది. తర్వాత పోయింది.

"అవ్వా."

"ఏంది తల్లీ."

"కర్నూల్లో ఆ డాక్టరమ్మ, గడ్డ తీసినప్పుడు... మీకు ఇంకేమన్నా చెప్పిందా?"

నా వేళ్లు దాని జుట్టులోనే ఉన్నాయి.

"ఎందుకు అడుగుతాండావు?"

"ఊరికే. ఈ మధ్య ఆ కుట్టు కాడ లోపల గుంజినట్టయితాంది. అమ్మనడిగితే కసురుకుంటాది. నువ్వైతే అబద్ధం చెప్పవు గదా, అందుకే అడుగుతాండా."

ప్రమీల లోపల గిన్నెలు సర్దుతోంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"గడ్డ తీసేసినాం అని చెప్పింది" అన్నాను. "అంతే."

"అంతేనా?"

"అంతే తల్లీ."

లోపల గిన్నెల చప్పుడు మళ్లీ మొదలైంది. లూదియా వెనక్కి వాలి నా ఒళ్లో తల పెట్టుకుంది. దాని మనసులో బరువు తగ్గినట్టు నాకు తెలిసింది. నేను జడ వేసి, చివర రిబ్బను కట్టాను. ముడి రెండుసార్లు జారిపోయింది.

*

మంచి శుక్రవారం నాడు మా వాళ్లు పన్నెండు నుంచి మూడింటి దాకా గుడిలోనే ఉంటారు. సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. మధ్యలో ఎవరూ లేవరు, ఫోన్లు ఆపేసి పెట్టుకుంటారు. ఆ యేడు అది రంజాను నెలలో పడింది. శుక్రవారం కాబట్టి వాళ్లకూ జుమా నమాజు. వీధిలో సగం మంది గుడికి పోయారు, సగం మంది మసీదుకు పోయారు. తలుపులన్నీ మూసి ఉన్నాయి.

లూదియాకు పొద్దుటినుంచి నడుము లాగుతోంది. "పడుకుంటే తగ్గుతాది" అంది. ప్రమీల నుదురు తాకి చూసింది. "నొప్పులు కాదులే. రాత్రి పెసలు తిన్యావు గదా, వాయువు. అత్తా, నువ్వు ఇంట్లో ఉండు. మూడు కాంగానే వస్తా. ఇంక మూడు రోజులే" అంది నాతో. ఆ చివరి మాట చెవిలో చెప్పినట్టు చెప్పింది.

పన్నెండున్నరకు నడుము నొప్పి ముందుకు వచ్చింది. వస్తోంది, పోతోంది. నేను గడియారం చూస్తున్నాను. ప్రమీలకు ఫోను చేశాను. ఆపేసి ఉంది. సామ్యేలుదీ అంతే. ప్రదీపుకు చేస్తే మోగింది గాని ఎత్తలేదు. అతనూ నంద్యాలలో గుడిలోనే ఉంటాడు.

ఒంటిగంటన్నర అయ్యుంటుంది. లూదియా ఒక్క అరుపు అరిచింది. ఏదో లోపల చిరిగినట్టు. నేను పరిగెత్తి పోయేసరికి మంచం పట్టె పట్టుకుని కూర్చుని ఉంది.

"అవ్వా, ఏందో అయింది." ఆ తర్వాత కొంచెంసేపటికి, "నొప్పి పోయింది" అంది.

నొప్పి పోయిందని విని నేను స్తోత్రం అన్నాను. అంటూనే దాని మొహం చూశాను. సున్నం కొట్టినట్టు తెల్లబడిపోతోంది. పై పెదవి మీద చల్లటి చెమట. "భుజం నొప్పిగా ఉందవ్వా, చూడు, భుజం" అంటోంది. కడుపు మీద చెయ్యి వేశాను. పొద్దున గుండ్రంగా, గట్టిగా ఉన్న కడుపు ఒక పక్కకు ఒరిగిపోయింది. చర్మం కిందనే, ఏ అడ్డమూ లేనట్టు, ఒక చిన్న మడమ నా అరచేతికి తగిలింది.

అది కదల్లేదు.

వీధిలోకి పరిగెత్తి పక్కింటి రహమత్‌బీ తలుపు బాదాను. ఉపవాసంతో పడుకున్న మనిషి లేచి వచ్చి, లూదియాను చూసి, "యా అల్లా" అని ఒక్క మాట అని, కూతురిని కేకేసింది. "ముబశ్శిరా, గుడి కాడికి ఉరుకు! లోపలికే పో, ఎవరేమన్నా అననీ. బేగా!" తర్వాత నావైపు తిరిగి, "పిల్లోళ్ల నాయన నమాజు నుంచి వస్తా ఉంటాడు. ఆటో ఈడనే ఉంది. నువ్వు ఆ పక్క పట్టుకో పెద్దమ్మా" అంది.

ఆమె మొగుడు నూర్ మహమ్మద్ టోపీ కూడా తీయకుండా వచ్చి ఆటో తిప్పాడు. మేమిద్దరం లూదియాను ఎత్తి లోపల పెట్టేసరికి ప్రమీల వీధి మలుపులో కనబడింది. చెప్పులు లేవు. పరిగెత్తి వచ్చి కూతురు కాళ్ల దగ్గర పడింది.

"నాకు తెల్లచీర కనపడతాందవ్వా, ఎవురది?" అంది లూదియా. ఆ పొద్దు గుడికి కట్టుకున్న తెల్లచీర ప్రమీలది. కన్నతల్లిని అది గుర్తుపట్టలేదు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ కడుపు మీద చెయ్యి పెట్టింది, మిషను పెట్టింది, మళ్లీ జరిపి పెట్టింది. గుర్రం పరుగు వినబడలేదు.

"ఇంతకుముందు గర్భసంచికి ఏమన్నా ఆపరేషన్ అయిందా ఈమెకు?"

ఎస్తేరు సూది కోసం లూదియా చేతిమీద నరం వెతుకుతోంది. ప్రమీల ఆమె వైపు చూసింది. అప్పుడు కూడా ఆమె వైపే చూసింది. "అపెండిక్స్..." అని మొదలుపెట్టింది.

"అయింది" అన్నాను. "కర్నూల్లో. గడ్డ తీసినారు. లోపలి పొర దాకా కోసినాం అని చెప్పినారు. నొప్పులు రానియ్యొద్దన్యారు."

ఎస్తేరు తల ఎత్తింది. డాక్టరమ్మ వెనక్కి తిరిగి, "అంబులెన్సు పిలవండి. నంద్యాలకు ఫోన్ చేసి రక్తం సిద్ధం చెయ్యమనండి. సంచి పగిలిందని చెప్పండి" అంది.

*

నంద్యాల దారి అంతా లూదియా నీళ్లు అడుగుతూనే ఉంది. ఇవ్వకూడదన్నారు. ఆసుపత్రి మెట్ల దగ్గర ప్రదీపు, రాజరత్నమ్మ నిలబడి ఉన్నారు. స్ట్రెచరు దించగానే ప్రదీపు పక్కనే నడిచాడు. తలుపు దాకా పోనిచ్చి అక్కడ ఆపేశారు.

అయిదున్నరకు డాక్టరు బయటికి వచ్చాడు. పాత కుట్టు పై నుంచి కింది దాకా విచ్చుకుందని, బిడ్డ అప్పటికే సంచి బయటికి వచ్చేసిందని, ఆడబిడ్డ అని, ప్రాణం లేదని చెప్పాడు. నెత్తురు ఆగక గర్భసంచి తీసేయాల్సి వచ్చిందన్నాడు. తల్లి బతుకుతుందన్నాడు. ప్రమీల చేతిలో నలిగిపోయిన కర్నూలు కాగితం ఉంది. సామ్యేలు ఇంటికి పోయి పెట్టె బద్దలుకొట్టి తెచ్చాడు దాన్ని. డాక్టరు దాన్ని చదివి, మడిచి, వెనక్కి ఇచ్చాడు.

"ఇది చూపించి ఉంటే రెండు మూడు వారాల ముందే తీసేవాళ్లం. ఇద్దరూ బాగుండేవాళ్లు."

ఆయన వెళ్లిపోయాడు. రాజరత్నమ్మ అరుస్తుందని, ప్రమీల జుట్టు పట్టుకుంటుందని నేను ఎదురుచూస్తున్నాను. ఆమె వచ్చి ప్రమీల పక్కన బెంచీ మీద కూర్చుంది.

"నాకు భయపడినారా?" అంది. "వదినా, నాకు చెప్పుంటే నేనే ఎత్తుకొని పోయి కోయించేదాన్ని గదా. కత్తి పడింది ల్యా అంటే ఏందో గొప్పకు అన్యా. నా నోరే అంత. ఆ మాటకు పిల్ల ప్రాణం పణంగా పెడతారా ఎవరన్నా?"

ప్రమీల తల గోడకేసి కొట్టుకుంది. రాజరత్నమ్మే తన చెయ్యి అడ్డం పెట్టింది.

మరునాడు పొద్దున బిడ్డను ప్రదీపు రెండు చేతుల్లో ఎత్తుకుని సమాధుల తోటకు తీసుకుపోయాడు. పెట్టె వద్దన్నాడు. పాస్టరుగారు వచ్చి వాక్యం చదివారు. పేరు అడిగితే ఎవరమూ చెప్పలేకపోయాం.

నాలుగోరోజు లూదియాను మామూలు గదిలోకి మార్చారు. నేను పక్కన కూర్చున్నాను. అది చాలాసేపు పైకప్పు చూస్తూ పడుకుంది. ఫ్యానుకు బూజు పట్టి ఉంది. ఫ్యాను మీద కంపెనీ పేరు ఉంటే నేను దాన్ని చదువుతున్నాను.

"నీకు తెలుసా అవ్వా?"

"తెలుసు."

"మట్టల ఆదివారం నేను అడిగినపుడు?"

"అప్పుడూ తెలుసు తల్లీ."

ఇంకేమన్నా అంటుందేమోనని చూశాను. తిట్టినా బాగుండేది. కొంతసేపటికి మంచినీళ్లు కావాలంది. గ్లాసు నిండా పోసి పట్టుకున్నాను. అది తలగడ మీద మొహం అటు తిప్పుకుని, "అత్తా" అని పిలిచింది. బయట వరండాలో ఉన్న రాజరత్నమ్మ వచ్చి, నా చేతిలోని గ్లాసు తీసుకుని తాగించింది.

ఏప్రిల్ తొమ్మిది, మంగళవారం నాడు ఇంటికి పంపించారు. బాలింతను పుట్టింటికే తీసుకుపోవడం వాడుక కాబట్టి ప్రమీల గది కడిగి, మంచం ఎండలో వేసి ఆరబెట్టి వచ్చింది. సామ్యేలు కారు మాట్లాడి తెచ్చాడు. లూదియా ఒక్కో మెట్టే దిగి కారు దగ్గరికి వచ్చింది, ప్రదీపు భుజం పట్టుకుని.

"మనింటికి పోదాం అత్తా" అంది. రాజరత్నమ్మ మా వైపు చూసింది. "కొంచెం కోలుకోని లేచినాక పంపిస్తాలే వదినా, నాలుగు దినాలు పోనీ" అంది.

"సరే వదినా" అంది ప్రమీల.

ఆ నాలుగు దినాలు ఇంకా కాలేదు. ప్రమీల నెలకొకసారి నంద్యాలకు పోయి వస్తుంది. తల్లితో లూదియా మాట్లాడుతుందట. తక్కువే గాని మాట్లాడుతుందట. ఇప్పుడు ఒక బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్తోంది. నా గురించి అడిగిందా అని నేను ప్రమీలను అడగను. ఆమె చెప్పదు.

నా మనవరాలు లూదియా రెండు వేల ఇరవై నాలుగు మార్చి ఇరవై తొమ్మిదిన, శుక్రవారం, మధ్యాహ్నం రెండు దాటి పది నిమిషాలకు ఆళ్లగడ్డలో మా ఇంటి నుంచి బయటికి పోయింది. తిరిగి రాలేదు.